అంచులు అరిగిన టైర్లు

మా ఆయన కారు నడుపుతూ నిద్రపోయి చనిపోయాడని మా వీధిలో అందరికీ తెలుసు. ఆయనతో పదహారేళ్లు కాపురం చేసిన నాకు మాత్రం తెలియదు. ఎవరు చూశారని అడిగితే ఎవరూ చూడలేదు. అయినా తెలుసు. పలకరింపుకు వచ్చినవాళ్లు చాప మీద కూర్చుంటూనే ఆ మాట అనేవాళ్లు. "పాపం, కునుకు పట్టినట్టుండాదిలేమ్మా." ఆ మాటతో నాకేదో ఊరట దొరుకుతుందని వాళ్ల నమ్మకం. నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని ఆ పది రోజులూ నేను సరిగా ఏడవలేదని కూడా వీధిలో అందరికీ తెలుసు.

మాది ధర్మవరంలో మగ్గాలవాళ్లు ఉండే వీధి. ముందు గదిలో నా మగ్గం, వాకిట్లో ఆయన కారు. పట్టుచీరల వ్యాపారులను అనంతపురానికి, కదిరికి, ఒక్కోసారి బెంగళూరుకు తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. చనిపోయింది మే నెలలో, పట్టపగలు రెండు గంటలప్పుడు. అనంతపురం నుంచి వస్తూ బత్తలపల్లె దాటాక కారు ఉన్నట్టుండి కుడివైపుకు పోయి కల్వర్టు గోడను గుద్దింది. గోడ తగిలింది సరిగ్గా ఆయన కూర్చున్న వైపు తలుపుకే. వెనక సీట్లో ఒక వ్యాపారి ఉన్నాడు. అతనికి చెయ్యి విరిగింది, అంతే. పోలీసులు అడిగితే, "నేను నిద్దరపోతాంటి సార్. మెలకువ వచ్చేతలికి గోడ కనపడింది. డ్రైవరుకు గూడా కునుకు పట్టినట్టుండాది" అని చెప్పాడట. నిద్రపోయిన మనిషే సాక్షి. కుడివైపు వెనక టైరు పేలి ఉంటే, అది గోడకు తగిలి పేలిందని రాసుకున్నారు.

ఆ నిద్రకు కారణం కనిపెట్టింది మాత్రం మా మామ. మామ ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. తాడిపత్రి బండలు ఎత్తుకుని ఆయన పోని ఊరు లేదు. మోకాళ్లు పోయాక ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. కొడుకు పోయాక ఆ అరుగు మీద కూర్చోలేక వీధిలో వాళ్ల అరుగుల మీద, వీళ్ల అరుగుల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్న ప్రతిచోటా ఒకటే మాట. "రేయంతా వానికి నిద్దర యాడిది? ఇంట్లో గలాట. సంగటి ముద్ద గూడా ముట్టకుండా పోయినాడు నా కొడుకు." మా వీధిలో మాది కాక పదకొండు ఇళ్లు. పదకొండు ఇళ్లలోనూ చెప్పాడు. నీళ్లు పట్టుకోవడానికి బిందె తీసుకుని పోతే ఆడవాళ్లు నాకు దారి ఇచ్చేవాళ్లు. ఆ దారి ఇవ్వడం ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది.

గొడవ జరిగింది, నిజమే. మగ్గం అమ్మేద్దాం, ముందు గది ఖాళీ అవుతుంది, పాప చదువుకోవడానికి ఉంటుందని ఆయన అన్నాడు. మగ్గం పోతే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలని నేను అన్నాను. ఇద్దరమూ ఊరుకునే రకం కాదు. అన్నం కంచం పక్కకు తోసి పడుకున్నాడు. పది గంటలకల్లా గురక. నిద్ర పట్టనిది నాకు. తెల్లవారుజామున అయిదింటి దాకా ఆ గురక వింటూ పడుకున్నాను, ఎంత నిశ్చింతగా నిద్రపోతున్నాడు చూడు అని తిట్టుకుంటూ. ఆ సంగతి ఎవరికి చెప్పినా ఏం లాభం? పెళ్లాం కాక గురకకు సాక్ష్యం ఇంకెవరు చెబుతారు?

మామ అన్న మాటలు ఓర్చుకున్నాను. ఓర్చుకోవడం అంటే లోపల మామను రోజుకు నాలుగుసార్లు తిట్టుకోవడం. కానీ ఒకరోజు పదో తరగతి చదువుతున్న నా కూతురు, నేను జడ వేస్తుండగా, నా వైపు తిరగకుండా అడిగింది. "అమ్మా, ఆ పొద్దు నువ్వు నాయనతో కొట్లాడకపోయింటే బాగుండు కదా." నా చేతిలో జడ అలాగే ఉండిపోయింది. మామ అన్నప్పుడు మామ మీద కోపం వచ్చింది. పాప అన్నప్పుడు నా మీద నాకే అనుమానం వచ్చింది. నిజంగా ఆ గురక విన్నానా, లేక వినాలని విన్నానా? అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే. ఆయన నిద్రపోయాడా, లేదా? దేవుడు వచ్చి చెప్పినా సరే, దెయ్యం వచ్చి చెప్పినా సరే అనుకున్నాను. చెప్పింది టైర్లు.

నాలుగు నెలల తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి కారు విడిపించుకున్నాం. మామ పాత ఇనుముకు వేసేయమన్నాడు. నేను బాగు చేయిస్తానన్నాను. ఎవరు తోలుతారని అడిగాడు. నేనే అన్నాను. మా ఆయన నాకు డ్రైవింగ్ నేర్పించింది మా చెరువులోనే. ఆ చెరువులో నీళ్లు నిలిచిన సంవత్సరాల కంటే కార్లు నేర్చుకున్నవాళ్ల లెక్క ఎక్కువ. ఎండి పగుళ్లు విచ్చిన ఆ మట్టిలో ఆయన నా పక్కన కూర్చుని, "గేరు మార్చేటప్పుడు గేరును కాదు, రోడ్డును సూడు" అని అరిచేవాడు. అక్కడ రోడ్డు ఎక్కడుందని నేను తిరిగి అరిచేదాన్ని. ఆ అరుపులు కూడా వీధిలో ఎవరైనా విని ఉంటే గొడవ కిందనే రాసుకునేవాళ్లు.

ఊరి బయట రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. మా ఆయన బండి ఎప్పుడూ అతని దగ్గరికే పోయేది. నలభై దాటిన మనిషి, తక్కువ మాట. తలుపు, ఆ పక్క రేకులు సరిచేసే పని వేరేవాళ్లకు అప్పగించి, చక్రాల పని తాను పెట్టుకున్నాడు. రెండో రోజే ఫోన్ చేశాడు. "అక్కా, ఒకసారి వచ్చి టైర్లు సూసిపో. ఫోన్లో చెప్పేది కాదు."

పోయేసరికి షెడ్డు నేల మీద నాలుగు టైర్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. బాగున్నవి మూడు, పేలినది ఒకటి. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటే చెప్పబోయేది మంచిది కాదని అర్థమైంది.

"ఇది ముందర ఎడమ పక్కది," అని ఒక టైరు నా వైపు దొర్లించాడు. "అరచెయ్యి పెట్టి అడ్డంగా తడువు అక్కా. లోపలికొకసారి, బయటికొకసారి."

తడిమాను. బయటికి తడిమితే నున్నగా ఉంది. లోపలికి తడిమితే చేతికి గుచ్చుకుంది. చీర నేసేటప్పుడు నూలు ఒకవైపు లాగితే బట్ట మీద చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. ఇదీ అంతే, కంటికి కనపడేది తక్కువ, చేతికి తెలిసేది ఎక్కువ. లోపలి అంచు అయితే దాదాపు రబ్బరు కింది నూలు బయటపడేదాకా అరిగింది. బయట నుంచి చూస్తే అంత అరుగు కనిపించదు. అది ఎందుకో అతను చెప్పాడు. మన రోడ్ల మీద ఎదురుగా బండల లారీ వచ్చిందంటే అది పక్కకు జరగదు, మనమే ఎడమ చక్రాలు తారు దించి మట్టిలోకి పోవాలి. తారు అంచు జానెడు ఎత్తు ఉంటుంది. దిగినప్పుడొక దెబ్బ, ఎక్కినప్పుడొక దెబ్బ. ఎన్నేళ్లుగానో తగిలిన ఆ దెబ్బలకు చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి కొంచెం వంగింది. చక్రం వంకరగా నిలబడి, రోడ్డు మీద దొర్లుతూనే రవ్వంత ఈడ్చుకుపోతూ వచ్చింది.

"దీనికేనా అన్నా బండి పక్కకు పోయింది?"

"కాదు. ఇది ఎడమ పక్క రోగం. బండి పోయింది కుడి పక్కకు." అతను మిగతా రెండు టైర్లను నిలబెట్టాడు. "ఇప్పుడు నాలుగూ కలిపి సూడు. నడిమధ్య గాట్లు ఎట్లుండాయి?"

మధ్యలో గాట్లు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. రెండు అంచులూ మాత్రం బోడి. ఒక్కదానికి కాదు, నాలుగింటికీ అంతే. పేలినదాని ముక్కల్లో కూడా అదే.

"గాలి జాస్తి ఉంటే నడుమ అరుగుతాది. గాలి తక్కువుంటే రెండంచులూ అరుగుతాయి. ఇవి చాలా దినాలు తక్కువ గాలితో తిరిగినాయి అక్కా." పేలిన టైరును ఎత్తి ఒక పాత పేపరు మీద దులిపాడు. లోపలి నుంచి మిరియాల పొడి లాంటి నల్లటి పొడి రాలింది. "ఇది రబ్బరే. గాలి తక్కువుంటే టైరు పక్కలు మడతబడి మడతబడి లోపల్లోపలే అరిగి పొడి అయితాది. ఆ అరుగుడుకు కాగిపోతాది. ఒక దినం ఇట్ల, చుట్టూతా తెగిపోతాది."

చుట్టూతా తెగి ఉంది, నిజమే. కుండ మూతికి కట్టిన గుడ్డ ఊడినట్టు.

"గోడకు తగిలి పేలిందంట కదా?"

"గోడకు తగిలితే ఒక్కసోట కోసుకుపోతాది. రిమ్ము వంగుతాది. ఈ రిమ్ము సూడు, యాడన్నా వంగిందా? గోడ తగిలింది ముందర తలుపుకు. వెనక చక్రానికి గోడ సోకనే లేదు." అతను ఒక్కో మాటా ఆచితూచి చెబుతున్నాడు. "మొదట వెనక టైరు పేలింది. ఆనెంక బండి కుడికి గుంజింది. ఆనెంక గోడ."

నేను అడగవలసింది అడిగాను. "అయితే నిద్రపోలేదా?"

"నిద్దర సంగతి టైరు పేలిందాన్ని బట్టి చెప్పలేను. ఇదిగో, దీన్ని బట్టి చెప్తా." ముందు టైర్లు రెండింటినీ మెల్లగా తిప్పి ఒకచోట ఆపాడు. రెండింటి మీదా ఒకేచోట అరచేతంత మేర చదునుగా ఉంది, రంపం పెట్టి కోసినట్టు. "చక్రం తిరగకుండా నిలబడిపోయి రోడ్డు మీద జారితే ఇట్లయితాది. ఎడమదానికి ఉండాది, కుడిదానికి ఉండాది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కినాడు మా అన్న. నిద్దరపోయేటోడు బ్రేకు తొక్కడక్కా."

అప్పుడు ఏడ్చాను. నాలుగు నెలలుగా రాని ఏడుపు ఆ షెడ్డులో, ఆయిలు మరకల స్టూలు మీద, టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆ చదును మీద చెయ్యి పెట్టాను. అంతసేపు తొక్కాడన్నమాట. అంత మేలుకుని ఉన్నాడన్నమాట. గోడ వస్తున్నది ఆయనకు తెలుసు. నాకు కావలసిన జవాబు దొరికింది, దొరికినందుకు సంతోషపడ్డాను. వెంటనే, నిద్రపోయి ఉంటేనే ఆయనకు బాగుండేదని కూడా అనిపించింది. రెండూ నిజమే, రెండూ ఒకేసారి.

మెకానిక్ నా ఏడుపు అయ్యేదాకా వేరే పని చూసుకున్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "నా షెడ్డుకు వచ్చినప్పుడల్లా ముప్పై మూడు గాలి పెట్టి పంపిస్తాంటి. మళ్లా వచ్చేతలికి ఇరవై రెండు, ఇరవై మూడు. పంక్చరు ఉండదు, వాల్వు బాగుంటాది. అడిగితే అన్న నవ్వుతాండె. మీ ఇంట్లో పాత లారీ డ్రైవరు ఎవరన్నా ఉండారా అక్కా?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. అతనికి నా జవాబు అక్కర్లేదు.

మా పక్క ఇది ఉన్నదే. ఎండాకాలం వాకిట్లో నిలబెట్టిన బండి టైర్లు కాలిపోతుంటాయి. లోపల గాలి ఉబ్బి టైరు పేలిపోతుందని పెద్దవాళ్ల భయం. అందుకని బండి బయల్దేరే ముందు చీపురు పుల్ల విరిచి వాల్వులో పొడిచి, బుస్సుమని రోంత గాలి వదిలి, పిడికిలితో టైరును గుద్ది చూసి, ఇంక చాలు అంటారు. ఎండన పోయేవాడికి మజ్జిగ ఇచ్చి పంపినట్టు, అది ఒక గారాబం. మామ మా ఆయనకు రోజూ చేసేవాడు. చలికాలంలోనూ మానలేదు, మా పక్క చలికాలం అంటే కూడా ఎండే కదా. ఆ పుల్ల ఎన్నోసార్లు నేనే విరిచి మామ చేతికి ఇచ్చాను. వంగలేకపోతే, "ఉండు మామా, వెనకవి నేను తీస్తా" అని కూడా తీశాను. ప్రమాదం జరిగిన రోజు మాత్రం అలిగి లోపలే ఉన్నాను.

"ఎండకు గాలి పెరుగుతాదని టైరు చేసినోడు గూడా లెక్క వేసుకొనే చేసినాడు," అన్నాడు మెకానిక్. "పొద్దున్నే, బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు ముప్పై మూడు పెట్టాల. మధ్యాన్నం ముప్పై ఎనిమిదైనా ముట్టుకోగూడదు. ఎండకు పేలేవి తక్కువ. పేలగూడదని గాలి తీస్తే పేలేవే జాస్తి. ఈ మాట చెప్తే ముసలోళ్లు నన్ను తిడతారు."

అతను బండిని బాగు చేసిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పదిహేను రోజులూ నేను అక్కడికి పోకుండా ఉండలేకపోయాను. ముందు ఆ వంగిన ఇనుప చెయ్యి తీసి కొత్తది వేశాడు. వంకరముక్కను అలాగే పెట్టుకుని చక్రాలు ఎన్నిసార్లు సర్దినా మళ్లీ టైరునే తింటుందన్నాడు. చక్రాలు సర్దడానికి అనంతపురంలో మెషిన్లు ఉన్నాయి. ఇతని దగ్గర దారం ఉంది. కారుకు రెండు పక్కలా కడ్డీలు పాతి, వెనక నుంచి ముందుకు చక్రాల నడుమ ఎత్తులో దారం బిగించి కట్టాడు. అతని నైలాన్ దారం గాలికి ఊగుతుంటే, నేను ఇంటికి పోయి మగ్గం మీద మిగిలిన పట్టు పడుగు నూలు నాలుగు పోగులు పురి పెట్టి తెచ్చిచ్చాను. అది బిగిసి కదలకుండా నిలబడింది. దారం నుంచి రిమ్ము ముందు అంచుకు ఎంత, వెనక అంచుకు ఎంత అని స్కేలు పెట్టి కొలిచాడు. తేడా కనపడితే లోపల రాడ్డును పావు చుట్టు తిప్పి, బండిని ముందుకూ వెనక్కూ దొర్లించి, మళ్లీ కొలిచాడు. స్కేలు ఒక కొస నేనే పట్టుకున్నాను. ఎంత ఓర్పుగా కొలిచాడో. ఆయన బతికి ఉన్నప్పుడు బండిని ఒక్క పూట ఇక్కడ ఇలా కొలతకు నిలబెట్టి ఉంటే ఆ టైర్ల అంచులు అప్పుడే కనపడేవి కదా అనుకున్నాను.

షెడ్డుకు మొదటిసారి పోయిన రోజే పాపకు చెప్పాను. "నాయన నిద్రపోలేదు. టైరు పేలింది. బ్రేకు తొక్కినాడు." అది వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది, చిన్నప్పటిలాగా. గాలి సంగతి దానికి చెప్పలేదు. అది పోయి తాతకు నాయన నిద్రపోలేదంట అని చెబితే, "మెకానిక్కులు ఏమన్నా చెప్తారులే పాపా" అని చెప్పులు వేసుకుని మళ్లీ ఎవరి అరుగు మీదికో పోయాడు.

మామకు నేనెందుకు చెప్పలేదు? దయ అనుకునేరు. కొంత దయ ఉంది, లేదనను. డెబ్బై రెండేళ్ల మనిషి, ఒక్కడే కొడుకు. కానీ నిజం చెప్పాలంటే దయ కంటే వేరేది ఎక్కువ ఉంది. ఆ మాటను రాత్రింబవళ్లు నోట్లో పెట్టుకుని చప్పరించాను. ఎక్కడ అనాలి, ఎవరి ముందు అనాలి, ఎలా అనాలి. మామ ఇంకో అరుగు మీద కూర్చున్నప్పుడల్లా ఆ మాట ఇంకొంచెం తియ్యగా అయ్యేది. నేను అంత మంచిదాన్ని కాదు.

కారు ఇంటికి వచ్చింది. కొత్త తలుపు రంగు పాత రంగుతో కలవలేదు. టైర్లు నాలుగూ కొత్తవి. పేలిన టైరును మెకానిక్ పారేస్తానంటే వద్దని గోనెసంచిలో చుట్టి డిక్కీలో వేయించుకున్నాను. మొదటి ప్రయాణం అనంతపురానికి, నేసిన చీరలు ఇచ్చి రావడానికి. ఆదివారం కాబట్టి పాప కూడా వస్తానంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే షెడ్డుకు పోయి గాలి చూపించుకుని వచ్చి వాకిట్లో నిలబెట్టాను. పాపకు తలదువ్వి, చీరలు మూట కట్టి, పదకొండు దాటాక బయటికి వస్తే, బుస్సుమని చప్పుడు.

మామ వెనక చక్రం దగ్గర గొంతు కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు నొప్పికి పళ్లు బిగపట్టి, ఒక చెయ్యి కారుకు ఆనించి, ఇంకో చేత్తో వాల్వులో చీపురు పుల్ల పొడుస్తున్నాడు.

"మామా, ఏం చేస్తాండావు?"

"ఎండ సూడు ఎట్ల మండుతాండాదో. రోంత తీస్తాండాలే. నువ్వు కొత్తగా తోలుతాండావు, పాప గూడా ఉండాది." తలెత్తకుండానే అన్నాడు. గొంతులో ప్రేమ ఉంది. అయిదు నెలల తర్వాత నాతో ప్రేమగా అన్న మొదటి మాట అదే.

"తీయొద్దు."

"నీకు తెల్దులేమ్మా. ముప్పై ఏండ్లు తోలినా నేను."

నేను అన్ని రోజులూ తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. డిక్కీ తెరిచి గోనెసంచి లాగి టైరును ఆయన ముందు పడేశాను. "ఇది నీ కొడుకు బండిది. లోపల చెయ్యి పెట్టి సూడు."

పెట్టాడు. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకు నల్లటి పొడి. అది ఏమిటో లారీ నడిపినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. "పంక్చరైంది సూసుకోకుండా తోలినాడా?" అన్నాడు.

"పంక్చరు ల్యా. నాలుగు టైర్లూ రెండంచులూ అరిగినాయి మామా. నాలుగూ ఒక్కటే తీరుగా. నాలుగూ ఒక్కసారే పంక్చరు అవుతాయా?"

ఆయన టైరు వంక చూశాడు. కారు కింద కొత్త టైర్ల వంక చూశాడు. ఎడమచేతిలో ఇంకా ఆ పుల్ల ఉంది. దాన్ని చూడటానికి మాత్రం చాలాసేపు పట్టింది. నేను నిలబడే ఉన్నాను. పాప గడప దగ్గర ఆగిపోయింది.

"ఆ పొద్దు రెండుసార్లు తీసినా," అన్నాడు. "పొద్దున ఒకసారి తీసినా. అలిగి, తిండి తినకుండా పోతాండాడు కదా, ఎండలో ఏమన్నా అయితాదేమోనని పోయే ముందర మళ్లా తీసినా."

చేతిలోని పుల్లను కింద పడేశాడు.

"అయితే వాడు నిద్దరపోల్యా."

"పోలేదు మామా. బ్రేకు తొక్కినాడు."

తల ఊపాడు. కొడుకు నిద్రపోలేదన్నందుకు ఆ ముఖంలో ఒక క్షణం వెలుగులాంటిది వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. కారు పట్టుకుని లేచాడు. నేను చెయ్యి ఇవ్వలేదు. చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు. టీ అంగడికి పోతున్నాడనుకున్నాను. మొదటి ఇంటి అరుగు దగ్గర ఆగి, కూర్చోకుండా, లోపలివాళ్లను బయటికి పిలిచాడు. ఆ గొంతు మా గుమ్మం దాకా వినిపించింది.

"నా కొడుకు నిద్దరపోలేదప్పా. కోడలి తప్పేం ల్యా. టైర్ల గాలి తీసింది నేను."

వాళ్లు ఏమన్నారో వినపడలేదు. ఆయన రెండో ఇంటికి పోయాడు. అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా. మూడో ఇల్లు. అక్కడ ఒక ముసలామె ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోమంటే విడిపించుకున్నాడు. నేను ఎన్ని నెలలు ఎదురుచూశానో ఆ మాట కోసం. ఇప్పుడు వీధంతా వింటోంది. వెనక చక్రాల గాలి నేను కూడా తీసేదాన్నని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పుల్లలు విరిచి ఇచ్చింది నేనేనని మామకు తెలుసు. ఆ మాట ఆయన ఏ ఇంటి ముందూ అనలేదు.

నడినెత్తిన ఎండ. అయిదో ఇంటి దగ్గర చెప్పు తెగింది. రెండూ అక్కడే విడిచేసి, వీధిలో పరిచిన బండల మీద వట్టి కాళ్లతో నడిచాడు. ఏడో ఇంటి ముందు గోడ పట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత పిలిచాడు. పాప నా కొంగు పట్టుకుని లాగింది. ఏడుస్తోంది.

"అమ్మా, తాత కాళ్లు కాలుతాండాయి. ఇంటికి రమ్మని పిలువమ్మా."

"ఉండు," అన్నాను. "ఇంకా నాలుగు ఇండ్లు ఉండాయి."